బక్కచిక్కిన బిడ్డకు ఫిట్స్ వస్తే: వార్డులో మొదటి పది నిమిషాల నుంచి ఇంటికి పంపే దాకా

నేను పీజీలో చేరిన మొదటి ఏడాది. రాత్రి రెండు దాటింది. ఏడాదిన్నర పాపను తీసుకొచ్చారు, చూస్తే ఆరు నెలల పిల్లంత కూడా లేదు. ఫిట్స్‌తో కొట్టుకుంటోంది. మిడజోలం ఇచ్చాను, ఆగలేదు. ఐదు నిమిషాలు చూసి ఇంకో డోస్ ఇచ్చాను. కదలికలు తగ్గాయి, దాంతోపాటు ఊపిరీ తగ్గింది. అంబూ బ్యాగ్ పట్టుకుని గాలి కొడుతూ నిలబడ్డాను. అప్పుడు సిస్టర్ పక్కకొచ్చి మెల్లగా అడిగారు: "షుగర్ చూశారా సార్?"

చూడలేదు. గ్లూకోమీటర్ మీద అంకె కూడా రాలేదు, 'లో' అని వచ్చింది. డెక్స్‌ట్రోజ్ వెళ్లిన కాసేపటికి పాప కళ్లు తెరిచి వాళ్లమ్మ కోసం చూసింది. ఆ పాపకు కావాల్సింది చక్కెర. నేనిచ్చిన రెండు డోసుల మందు ఆమె ఊపిరి మీదికి తెచ్చింది.

పీహెచ్‌సీలో, ఏరియా ఆసుపత్రిలో, పోషకాహార పునరావాస కేంద్రంలో (మనం ఎన్నార్సీ అంటున్నదే) కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్ల కోసం, స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. పోషణ లోపానికి ఒక గైడ్‌లైన్, ఫిట్స్‌కు ఇంకో గైడ్‌లైన్ మీ దగ్గర ఉండే ఉంటాయి. రెండూ ఒకే బిడ్డలో ఉన్నప్పుడు ఒకటి ఇంకోదాన్ని ఎక్కడ మార్చేస్తుందో చెప్పడమే నా పని. చివరి భాగం తల్లిదండ్రులకు మీరు చదివి వినిపించడానికి పనికొస్తుంది. మధ్యలో ఉన్న డోసులు మాత్రం ఇంట్లో వాడుకోవడానికి కావు.

లెక్కలన్నిటికీ 6 కిలోల బిడ్డను అనుకుందాం.

ఈ బిడ్డ నిజంగా 'సామ్' బిడ్డేనా?

కంటితో చూసి చెప్పకండి, కొలవండి. 6 నెలల నుంచి 59 నెలల లోపు బిడ్డకు ఎడమ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీవ్ర పోషణ లోపం, అంటే 'సామ్'. భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యలో, చెయ్యి వదులుగా వేలాడుతుండగా టేపు చుట్టాలి. బిగిస్తే కొలత తగ్గుతుంది, వదులైతే పెరుగుతుంది. చర్మానికి ఆని ఉంటే చాలు. పొడవుకు తగ్గ బరువు మైనస్ 3 ఎస్‌డీ కన్నా కింద ఉన్నా తీవ్ర లోపమే.

మూడోది చాలామంది మర్చిపోతారు. రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండిట్లోనూ గుంట పడి ఉండిపోతే అది పోషణ లోపపు వాపు, బరువు ఎంతున్నా సరే. నీరు పట్టిన బిడ్డ బుగ్గలు ఉబ్బి బొద్దుగా కనిపిస్తాడు. "మావాడు బానే ఉన్నాడు కదా సార్" అని అమ్మమ్మ అంటుంది కూడా. కాళ్లు నొక్కి చూపించండి, ఆవిడకే అర్థమవుతుంది.

ఇలాంటి బిడ్డకు ఫిట్స్ వచ్చాయంటే ఇంటి దగ్గర వైద్యం మాట లేదు, అడ్మిట్ చేయాల్సిందే.

ఫిట్స్ నడుస్తుంటే: మొదటి పది నిమిషాలు

టైం చూసుకోండి. గోడ గడియారం చూసి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. లేకపోతే రెండు నిమిషాల ఫిట్ అరగంట లాగా అనిపిస్తుంది, అరగంట ఫిట్ "ఇప్పుడే మొదలైంది" అయిపోతుంది.

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నురగ, వాంతి ఉంటే సక్షన్ చేయండి. ఆక్సిజన్ పెట్టండి. ఈలోగా ఇంకొకరు మడమ నుంచో వేలి నుంచో ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూడాలి. డెసీలీటరుకు 54 మి.గ్రా. కన్నా తక్కువైతే తక్కువే. గ్లూకోమీటర్ లేదా, స్ట్రిప్స్ అయిపోయాయా? అలాగైతే తక్కువే ఉందనుకుని ఇచ్చేయండి. ఉన్న షుగర్ మీద కొంచెం ఎక్కువ పడితే బిడ్డకు పెద్ద నష్టం లేదు. లేని షుగర్ ఇవ్వకపోతే మెదడు దెబ్బతింటుంది.

ఎంత ఇవ్వాలి? 10 శాతం డెక్స్‌ట్రోజ్, కిలోకు 5 మి.లీ., రక్తనాళంలోకి. మన 6 కిలోల బిడ్డకు 30 మి.లీ. చిక్కేమిటంటే మన ట్రేలో ఎక్కువగా దొరికేది 25 శాతం ఆంపూల్. అది 12 మి.లీ. తీసుకుని స్టెరైల్ వాటర్ 18 మి.లీ. కలిపితే 30 మి.లీ. తయారవుతుంది. వాటర్ బదులు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కలుపుతుంటే 25 శాతంది 7.5 మి.లీ., 5 శాతంది 22.5 మి.లీ. ఈ రెండు లెక్కలూ ఒక అట్టముక్క మీద రాసి ఎమర్జెన్సీ ట్రేకి అతికించండి. రాత్రి రెండింటికి ఎవరికీ భాగహారం రాదు.

నరం దొరకట్లేదంటే పది నిమిషాలు సూదితో వెతుకుతూ కూర్చోకండి. ముక్కు గొట్టం వేసి అదే 10 శాతం గ్లూకోజ్ 50 మి.లీ. పంపండి. నరం నుంచి ఇచ్చిన బిడ్డకు కూడా తర్వాత గొట్టంలో 50 మి.లీ. ఇవ్వాలి, ఎందుకంటే నరంలో ఇచ్చింది తొందరగానే కరిగిపోతుంది. 30 నిమిషాలకు మళ్లీ షుగర్ చూడండి.

ఇక మందు. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే, లేదా వచ్చేటప్పటికే నడుస్తుంటే ఒక డోస్: మిడజోలం ముక్కులోగానీ కండలోగానీ కిలోకు 0.2 మి.గ్రా. అంటే 1.2 మి.గ్రా. మిడజోలం ఇంజెక్షన్ మి.లీ.కి 1 మి.గ్రా.ది ఉంటుంది, 5 మి.గ్రా.ది కూడా ఉంటుంది. సీసా మీది అంకె చదవకుండా సిరంజిలోకి లాగకండి. అది లేకపోతే డయాజెపామ్ మలద్వారం నుంచి కిలోకు 0.5 మి.గ్రా. పది నిమిషాల్లో ఆగకపోతే ఇంకొక్క డోస్. అక్కడితో ఆపండి. కండ కరిగిపోయిన బిడ్డకు ఊపిరి తీసే శక్తే అంతంతమాత్రం. మూడో డోస్ ఫిట్‌ను ఆపకపోయినా ఊపిరిని ఆపగలదు. బిడ్డను పంపినచోట ఒకటో రెండో డోసులు ఇచ్చి ఉండొచ్చు. రెఫరల్ చీటీలో చూసి వాటినీ లెక్కలో కలుపుకోండి.

రెండు డోసులకూ లొంగకపోతే లెవెటిరాసిటమ్ కిలోకు 40 మి.గ్రా., అంటే 240 మి.గ్రా., పది నిమిషాల్లో. లేదంటే ఫినోబార్బిటోన్ కిలోకు 15 నుంచి 20 మి.గ్రా., 20 నిమిషాల పాటు నెమ్మదిగా, పక్కన అంబూ బ్యాగ్ పెట్టుకుని. ఫినైటాయిన్ ఒక్కటే ఉంటే దాన్ని నార్మల్ సెలైన్‌లోనే కలపాలి. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకట్టి తెల్లగా దిగిపోతుంది. ఫినైటాయిన్‌తో ఈ పిల్లల్లో ఇంకో చిక్కుంది, కిందకొచ్చాక చెబుతాను.

ఈ హడావిడిలో బిడ్డ ఒళ్లు పట్టుకుని చూశారా? చంకలో టెంపరేచర్ 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే బిడ్డ చల్లబడిపోయినట్టు. తలకు టోపీ, అమ్మ ఛాతీకి ఆనించి పైన దుప్పటి. షుగర్ పడిపోవడం, ఒళ్లు చల్లబడటం జంటగా వస్తాయి. రెండూ ఉన్నాయంటే వెనక ఇన్‌ఫెక్షన్ ఉందనే అనుకోండి.

సెలైన్ బాటిల్ జోలికి వెళ్లకండి. బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం చేసినట్టు అని మన జనానికి ఒక నమ్మకం. వార్డు బయట నిలబడ్డ బంధువులు "ఇంకా బాటిల్ పెట్టలేదేంటి?" అని అడుగుతారు. షాక్ లేని సామ్ బిడ్డకు నరంలో నీళ్లు ఎక్కిస్తే బలహీనంగా ఉన్న గుండె తట్టుకోలేదు. అందులోనూ ఉత్త 5 శాతం డెక్స్‌ట్రోజ్ పెడితే సోడియం పడిపోయి మళ్లీ ఫిట్స్ వస్తాయి. విరేచనాలతో నీరు పోయిన బిడ్డకు రీసోమాల్ (సామ్ పిల్లల కోసం చేసిన ఓఆర్ఎస్), కిలోకు 5 మి.లీ. చొప్పున అరగంటకోసారి, మొదటి రెండు గంటలు. నోటితో, లేదా ముక్కు గొట్టంతో.

ఫిట్ ఆగింది. ఎందుకొచ్చింది?

ఇక్కడ అమ్మతో కూర్చోండి. "ఏమ్మా, రాత్రి చివరిసారి పాలు ఎప్పుడు తాగాడు?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు సగం రోగం చెప్పేస్తుంది. సాయంత్రం ఆరింటికి జావ తాగి పడుకున్నవాడు తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచాడంటే లివర్‌లో దాచుకున్న చక్కెర అయిపోయింది, అంతే. మామూలు బిడ్డ ఆ రాత్రిని గట్టెక్కుతాడు. ఈ బిడ్డ దగ్గర నిల్వ లేదు.

షుగర్ బాగానే ఉంటే వరసగా వెతకండి. మెదడువాపు, మెనింజైటిస్: సామ్ బిడ్డకు జ్వరం రాకపోవచ్చు, మెడ బిగుసుకోకపోవచ్చు. ఒళ్లు స్పందించే స్థితిలోనే లేదు కాబట్టి ఆ గుర్తులు కనపడవు. అనుమానం ఉంటే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టేయండి. వెన్నులో నీరు తీసే పరీక్షకు బిడ్డ నిలదొక్కుకునే దాకా ఆగొచ్చు, మందుకు ఆగకూడదు. ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడుతున్నారా అని అడగండి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వైపు నుంచి వచ్చిన బిడ్డ అయితే మలేరియా కార్డు టెస్ట్ చేయకుండా మంచం దగ్గర నుంచి కదలకండి.

సోడియం రిపోర్టు చూసి కంగారుపడకండి. ఈ పిల్లల రక్తంలో సోడియం తక్కువ కనిపించినా ఒంట్లో మాత్రం ఎక్కువే ఉంటుంది. ఫిట్స్ నడుస్తూ, సోడియం బాగా పడిపోయి ఉంటే పెద్ద డాక్టర్‌తో మాట్లాడి గాఢమైన సెలైన్ కొంచెం ఇస్తారు. మిగతా సందర్భాల్లో రిపోర్టులోని అంకెను సరిచేయడానికని ఉప్పు ఇవ్వకండి.

కాల్షియం, మెగ్నీషియం ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. మెగ్నీషియం లేకుండా కాల్షియం ఎంతిచ్చినా నిలబడదు. మణికట్టు వెడల్పుగా ఉందా, పక్కటెముకల చివర్లు పూసల్లా తగులుతున్నాయా చూడండి, అవి రికెట్స్ (విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బు) గుర్తులు. 50 శాతం మెగ్నీషియం సల్ఫేట్ కిలోకు 0.3 మి.లీ. కండలోకి మొదటి రోజే ఒకసారి (ఎంత బరువున్నా 2 మి.లీ. దాటకుండా) ఇస్తాం. ఆ డోస్ ఇచ్చారా లేదా కేస్ షీట్‌లో చూసుకోండి.

ఇలా ఏదో ఒక కారణం దొరికి, దాన్ని సరిచేస్తే ఫిట్స్ ఆగిపోయాయనుకోండి. అది ఎపిలెప్సీ కాదు. ఏ కారణమూ కనపడకుండా 24 గంటలకు పైగా తేడాతో రెండుసార్లు ఫిట్స్ వస్తే సాధారణంగా ఎపిలెప్సీ అంటాం. షుగర్ పడిపోయి ఒకసారి ఫిట్ వచ్చిన పిల్లాడికి రెండేళ్లు మందు రాసిపెట్టిన చీటీలు నేను చూస్తూనే ఉంటాను. ఆ మందు మత్తులో వాడు సరిగ్గా తినడు, తినకపోతే ఇంకా చిక్కిపోతాడు. ఎన్నార్సీకి తిరిగి వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్లూ ఉంటారు.

తిండి: కడుపు నిండా పెట్టాలన్న ఆత్రం ఆపుకోండి

ఫిట్ తర్వాత బిడ్డ మత్తుగా పడుకుంటాడు. "లేచాక పట్టండి" అని నర్సుకు చెప్పి వెళ్లిపోవడం మన అలవాటు. ఆ నిద్రలోనే షుగర్ మళ్లీ పడిపోతుంది. మింగే స్థితిలో లేకపోతే ముక్కు గొట్టంతో ఎఫ్-75 పాలు (సామ్ పిల్లలకు మొదటి దశలో ఇచ్చే పల్చటి పాలు) రెండు గంటలకోసారి పట్టాలి, రాత్రి కూడా. రోజుకు కిలోకు 130 మి.లీ., అంటే 6 కిలోల బిడ్డకు ఒక్కోసారి 65 మి.లీ. ఒళ్లంతా నీరు పట్టి ఉంటే రోజుకు కిలోకు 100 మి.లీ. చాలు, ఒక్కోసారి 50.

రెడీమేడ్ పొడి లేకపోతే వార్డులోనే చేసుకోవచ్చు: ఆవుపాలు 300 మి.లీ., చక్కెర 100 గ్రాములు, నూనె 20 మి.లీ., ఖనిజ లవణాల ద్రావణం 20 మి.లీ., మొత్తం లీటరు అయ్యేదాకా కాచి చల్లార్చిన నీళ్లు. చూస్తే పల్చటి నీళ్లపాలలా ఉంటుంది. "ఇంత పల్చన పాలతో బిడ్డ ఎట్లా బాగుపడతాడు?" అని అమ్మలు అడుగుతారు, తప్పులేదు. చాన్నాళ్లు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా చిక్కటి తిండి పడితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేసుకుంటాయి. గుండె తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. మూడో రోజో నాలుగో రోజో, అంతా బాగుందనుకునేటప్పుడు వచ్చే కొత్త ఫిట్స్‌కు ఇదొక కారణం. అమ్మకు నేను చెప్పే మాట: ఆరిపోబోతున్న పొయ్యిలో ముందు చితుకులు వేస్తాం, దుంగలు వేయం. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

ఆకలి తిరిగొచ్చి, వాపు తగ్గడం మొదలయ్యాక అంతకన్నా చిక్కటి పాలైన ఎఫ్-100కి మారండి. మొదటి రెండు రోజులు ఎఫ్-75 ఎంత ఇస్తున్నారో అంతే కొలత, తర్వాత ఒక్కో ఫీడ్‌కు 10 మి.లీ. చొప్పున పెంచుతూ బిడ్డ కొంచెం మిగిల్చే దాకా. నిమిషానికి ఊపిరి 5, నాడి 25 పెరిగితే తగ్గించండి, అది గుండె ఇబ్బంది పడుతున్న గుర్తు. ఐరన్ ఇప్పుడే వద్దు, బరువు ఎక్కడం మొదలయ్యాక.

గొట్టంతో ఫినైటాయిన్ ఇస్తున్న బిడ్డకు పాలతో పాటు మందు పంపితే అది సరిగ్గా ఒంటపట్టదు. ఫీడ్‌కూ మందుకూ ఎడం ఉంచాలి. రెండు గంటలకోసారి పాలు పట్టే బిడ్డకు ఈ ఎడం ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. వేరే మందు చూసుకోవడానికి ఇదొక కారణం.

మందు ఎంచుకోవడం: ఆల్బుమిన్ ఎంతుందో చూశాకే

ఫినైటాయిన్ ఒంట్లోకి వెళ్లాక అందులో 90 శాతం ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. పట్టుకోకుండా మిగిలిన పది శాతమే మెదడు మీద పనిచేస్తుంది. వాపు వచ్చిన బిడ్డలో ఆల్బుమిన్ సగానికి సగం ఉండదు. పట్టుకునే చోటు లేక మందు విడిగా తిరుగుతుంది. ల్యాబ్ రిపోర్టులో మొత్తం మందు "నార్మల్" అనే వస్తుంది, బిడ్డ మాత్రం తూలుతుంటాడు, వాంతులు చేసుకుంటాడు, కళ్లు అటూ ఇటూ కదులుతుంటాయి. అది చూసి "ఫిట్స్ కంట్రోల్ కాలేదు" అనుకుని డోస్ పెంచిన సందర్భాలున్నాయి. రిపోర్టును పక్కనపెట్టి బిడ్డను చూడండి.

వాల్‌ప్రోయేట్ కూడా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది. పైగా రెండేళ్ల లోపు పిల్లల్లో లివర్ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. చిక్కిన బిడ్డ లివర్‌లో ఇప్పటికే కొవ్వు పేరుకుని ఉండొచ్చు. నేనైతే ఈ దశలో దాని జోలికి పోను. టోపిరమేట్, జోనిసమైడ్ ఆకలిని చంపేస్తాయి. బరువు పెంచాలని చూస్తున్న బిడ్డకు ఆకలి చంపే మందు ఎందుకు? వేరే దారి లేనప్పుడే.

లెవెటిరాసిటమ్ ఆల్బుమిన్‌ను పెద్దగా పట్టుకోదు, లివర్ మీద ఆధారపడదు, కిడ్నీ నుంచి బయటికి పోతుంది. అందుకే ఈ పిల్లల్లో నా మొదటి ఎంపిక అది. కిలోకు 10 మి.గ్రా. చొప్పున పూటకొకసారి, రోజుకు రెండు పూటలు మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతాను. మూత్రం సరిగ్గా రాని బిడ్డకు తగ్గించాలి. కొందరు పిల్లలు దీంతో చిరాకుపడతారు, ఊరికే ఏడుస్తారు. ముందే అమ్మకు చెప్పకపోతే నాలుగో రోజు ఆవిడే ఆపేస్తుంది.

ఫినోబార్బిటోన్ చవక, ఒక పూట ఇస్తే చాలు. కొండ మీది ఊరిలో ఉన్న కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు. కిలోకు 3 నుంచి 5 మి.గ్రా., రాత్రి. కానీ మత్తు వస్తుంది, ఆ మత్తులో తిండి తగ్గుతుంది. ఇది మొదలుపెడితే మొదటి రెండు వారాలు బిడ్డ ఒక్కో పూట ఎంత తిన్నాడో రాయించండి. ఫినోబార్బిటోన్, ఫినైటాయిన్, కార్బమజెపైన్ మూడూ విటమిన్ డి ని తొందరగా ఖర్చు చేస్తాయి. ఎముకలు ఎదగడం మొదలయ్యే సమయంలోనే రికెట్స్ బయటపడుతుంది. విటమిన్ డి చుక్కలు చీటీలో ఉన్నాయా అని ఇంకోసారి చూడండి.

కీటో డైట్ (కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉండే తిండి) గురించి ఫోన్‌లో చూసి అడిగే నాన్నలు ఈమధ్య ఎక్కువయ్యారు. మొండి ఎపిలెప్సీకి అది నిజంగానే మంచి వైద్యం. కానీ బిడ్డ ఇప్పుడున్న స్థితిలో కాదు. బరువు వచ్చాక, పెద్ద సెంటర్‌లో, డైటీషియన్ చేతుల మీదుగా.

బరువు మారుతుంది, డోస్ మారాలి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే కాస్త నిలబడి చెబుతాను.

వాపుతో వచ్చిన బిడ్డ మొదటి రోజు 7 కిలోలు తూగాడు. వారానికి నీరు దిగిపోయి 6 కిలోలకు వచ్చాడు. మంచిదే, కోలుకుంటున్నాడు. కానీ మందు డోస్ 7 కిలోలకు రాసింది. ఆ ఒక్క కిలో ఉత్త నీరు. ఇప్పుడు బిడ్డ ఎక్కువ డోస్ మీద ఉన్నాడు, మత్తుగా ఉన్నాడు. "ఇంకా నీరసంగానే ఉన్నాడండీ" అని షీట్‌లో రాస్తున్నాం.

తర్వాత బండి తిరుగుతుంది. బాగా తినే బిడ్డ రోజుకు కిలోకు 10 గ్రాముల పైనే ఎక్కుతాడు. 6 కిలోల బిడ్డకు రోజుకు 60 గ్రాములు. ఆ వేగంతో నెల తిరిగేసరికి 8 కిలోలు. అదే డోస్ కొనసాగితే కిలోకు అందే మందు నాలుగో వంతు తగ్గిపోయింది. బుగ్గలు వచ్చి, నవ్వుతూ ఇంటికెళ్లిన బిడ్డకు నెలన్నరకు ఫిట్స్ తిరగబెడతాయి. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? "ఆ ఆసుపత్రి తిండి పడలేదు" అని. లేదా ఎవరో దిష్టి పెట్టారని.

కాబట్టి వారానికోసారి, ఒకే రోజు, ఒకే కాటా మీద, బట్టలు లేకుండా తూచి, ఆ పక్కనే డోస్ లెక్క తిరగరాయండి. నేను కేస్ షీట్‌లో బరువు గ్రాఫ్ కిందే ఎర్ర సిరాతో 'కిలోకు ఎంత' అని రాస్తాను. డోస్ మారకపోయినా రాస్తాను.

కదిలిందల్లా ఫిట్ కాదు

తొమ్మిది పది నెలల బిడ్డ. తల్లిపాలే ఎక్కువ, పై తిండి అంతంతమాత్రం. ఇదివరకు నవ్వేవాడు, కూర్చునేవాడు. ఇప్పుడు పిలిచినా చూడడు. పాలిపోయి ఉన్నాడు, జుట్టు పల్చబడి గోధుమ రంగుకొచ్చింది, వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడింది. చేతులు, తల వణుకుతున్నాయి. నిద్రపోతే వణుకు ఆగిపోతుంది. ఇది ఫిట్స్ కాదు. బీ12 లోపంతో వచ్చే వణుకు జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. మన దేశంలో పిల్లల డాక్టర్లకు బాగా తెలిసిన జబ్బే, అయినా ఫిట్స్ మందుతో వార్డుకొచ్చేవాళ్లున్నారు. సామ్ పిల్లలకు మొదటి రోజు ఫోలిక్ యాసిడ్ ఇస్తాం కదా, ఇలాంటి బిడ్డకు ఫోలిక్ ఒక్కటే ఇచ్చి బీ12 వదిలేస్తే నరాలు ఇంకా దెబ్బతినొచ్చు. తల్లికీ బీ12 తక్కువే ఉంటుంది, ఆవిడకూ వైద్యం చేయండి.

దీనికి సరిగ్గా ఎదురుది, ఫిట్స్ అయినా ఫిట్స్‌లా కనపడనిది: బిడ్డ నిద్ర లేవగానే దండం పెట్టినట్టు ముందుకు ఒంగుతాడు, చేతులు విసురుతాడు, వదిలేస్తాడు. మళ్లీ. మళ్లీ. వరసగా పది, ఇరవై. ఇంట్లో "ఉలిక్కిపడుతున్నాడు" అంటారు, బయట "కడుపునొప్పి" అని చుక్కల మందు రాస్తారు. ఇవి శిశువుల్లో వచ్చే స్పాజమ్స్. రోజులు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు. వెంటనే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) ఉన్నచోటికి పంపండి. దీనికి వాడే స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు, ముఖ్యంగా చిక్కిన బిడ్డలో, టీబీ, ఇతర ఇన్‌ఫెక్షన్లు లేవని చూసుకోవాలి.

ఏది ఏదో తేలకపోతే అమ్మ చేతిలో ఫోన్ ఉంది. "ఈసారి వస్తే వీడియో తీయమ్మా, ముఖం, చేతులు, కాళ్లు అన్నీ కనపడేలా." నలభై సెకన్ల వీడియో నా సగం ప్రశ్నలకు జవాబు చెప్పింది చాలాసార్లు.

ఇంటికి పంపే ముందు

సిరప్ మూత చూపించి "ఇంత పట్టమ్మా" అనకండి. మి.లీ., మి.గ్రా. రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఇంట్లోనే కాదు, మనలోనూ ఉన్నారు. సూది తీసేసిన సిరంజి ఒకటి ఇవ్వండి. డోస్ ఎక్కడికి రావాలో అక్కడ మార్కర్‌తో గీత గీయండి. అమ్మతోనే మీ ముందు మూడుసార్లు లాగించండి. మొదటిసారి గాలి బుడగతో లాగుతుంది, రెండోసారి గీత దాటుతుంది, మూడోసారి సరిగ్గా వస్తుంది. ఇంకో కంపెనీ సిరప్ ఇచ్చారంటే మి.లీ.లో ఎంత మందుందో మారిపోవచ్చు, గీత పనికిరాదు. పాత సీసా తీసుకెళ్లి చూపించి అదే అడగమనండి.

మందును గిన్నెడు పప్పన్నంలో కలపొద్దు. బిడ్డ సగం తిని వదిలేస్తే మందూ సగమే వెళ్తుంది. ఒక చెంచా పాలలోనో అరటిపండు ముద్దలోనో ముందు పట్టి, తర్వాత అన్నం. అన్నం విషయానికొస్తే, పరిమాణం పెంచలేని బిడ్డకు బలం పెంచండి: ప్రతి ముద్దలో ఒక చెంచా నూనె, గుడ్డు, వేయించిన వేరుశనగ పొడి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం. రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం, పడుకునే ముందు ఒకసారి తప్పనిసరిగా. మింగడం రాక దగ్గే బిడ్డను, ముఖ్యంగా సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లను, పడుకోబెట్టి పట్టకూడదు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి, చిన్న చెంచాతో చిక్కటి జావ. ప్రతి పూటా దగ్గుతుంటే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి వైద్యం చేసే కేంద్రం) పంపండి.

ఇంట్లో మళ్లీ ఫిట్ వస్తే ఏం చేయాలో అమ్మ ఒక్కదానికే చెప్తే చాలదు. ఇంట్లో నిర్ణయాలు తీసుకునే నాయనమ్మను, నాన్నను కూడా కూర్చోబెట్టండి. పక్కకు తిప్పాలి, మెడ దగ్గర బట్ట వదులు చేయాలి, టైం చూడాలి. నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చేతిలో తాళం చెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్ ఆగదు. అది మామూలుగా రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగుతుంది, పేరు మాత్రం తాళం చెవికి వస్తుంది. వాతలు పెట్టే అలవాటున్న ఊరైతే ఆ మాట ఎత్తడానికి మొహమాటపడకండి. చిక్కిన బిడ్డకు కాలిన పుండు మానడం కష్టం, చీము పట్టి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. పక్షి దోషమనో గాలి సోకిందనో తాయెత్తు కట్టించుకుంటామంటే కట్టించుకోనివ్వండి, సిరప్ మాత్రం ఆపొద్దని ఒట్టు వేయించుకోండి. దాని మీద గొడవపడితే ఓడిపోయేది మనమే.

జాతరకు వెళ్లినా, పత్తి తీతకు వలస వెళ్లినా మందు వెంట ఉండాలి. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, ఫినోబార్బిటోన్‌తో మరీను. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి మొదలైనా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి. ఫిట్ ఆగి తెలివి వచ్చాక, మింగగలిగితే, ఆలస్యం చేయకుండా పంచదార నీళ్లో పాలో పట్టాలి.

తిరిగి రావాల్సిన రోజులు వారం, రెండు వారాలు, నెల, మూడు నెలలు, ఆరు నెలలు. ప్రతిసారీ జబ్బ కొలత, బరువు, డోస్ లెక్క. సిరప్ సీసా, గీత గీసిన సిరంజి, మన డిశ్చార్జి కాగితం మూడూ ఒకే సంచిలో వేసి, ఆ సంచి తలుపు వెనక మేకుకు తగిలించమనండి. అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కేటప్పుడు బిడ్డతో పాటు ఆ సంచి కూడా రావాలి.